భూకంపాలు, అగ్నిపర్వతాలు ఎక్కడ వస్తాయి, ఎందుకు వస్తాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో భూమి కంపించాక హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా అన్ని వాట్సాప్ గ్రూపుల్లోనూ అదే చర్చ. మన దగ్గర భూకంపాలు రావన్నారు కదా అని కొందరు, ఇంకా పెద్దది రాబోతోందట అని ఇంకొందరు. స్కూలు ప్రాజెక్టు చేసే పిల్లల దగ్గర్నుంచి ఫ్లాటు కొనబోతూ టెన్షన్ పడేవాళ్ళ దాకా మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. అన్నీ వరసగా చదవనక్కర్లేదు గానీ, మొదటి నాలుగైదు చదివితే మిగతావి తేలిగ్గా అర్థమవుతాయి.

ప్లేట్లు, ఖండాలు ఒకటేనా?

ఒకటి కాదు. భూమి పైభాగంలో సుమారు 100 కిలోమీటర్ల మందాన గట్టి రాతి పొర ఉంది. అది ఒకే ముక్కగా లేదు. పెద్ద ముక్కలు ఏడెనిమిది, చిన్నవి చాలా ఉన్నాయి. వాటినే ప్లేట్లు అంటాం. స్కూలు పుస్తకాల్లో పలకలు అని చదివే ఉంటారు.

ఖండం అనేది ప్లేటులో ఒక భాగం మాత్రమే. భారత ప్లేటు మీద మన దేశంతో పాటు శ్రీలంక, బంగాళాఖాతం అడుగుభాగంలో ఎక్కువ వంతు, అరేబియా సముద్రంలో చాలా భాగం కూడా ఉన్నాయి. ఉత్తర అమెరికా ప్లేటు అట్లాంటిక్ సముద్రం నడిమధ్య దాకా సాగుతుంది. పసిఫిక్ ప్లేటు మీద దాదాపు అంతా నీళ్ళే. అందుకని సముద్రతీరం కనిపించిన ప్రతిచోటా ప్లేటు అంచు ఉందనుకోకూడదు. విశాఖ తీరం ప్లేటు అంచు కాదు, చిలీ తీరం మాత్రం అంచే. ఈ తేడా పట్టుకుంటే భూకంపాల మ్యాపు చదవడం సగం వచ్చేసినట్టే.

ప్లేట్ల కింద ఉన్నదంతా మరిగే లావాయేనా?

యూట్యూబ్ వీడియోల్లో అలాగే చూపిస్తారు. అది తప్పు. ప్లేట్ల కింద ఉన్న మాంటిల్ కూడా ఘనమైన రాయే. విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో ఉండటం వల్ల లక్షల ఏళ్ళ మీద మెల్లగా సాగుతుంది, అంతే. దీనికి రుజువు భూకంపాలే ఇస్తాయి. ఎస్ తరంగాలు అనే ఒక రకం భూకంప తరంగాలు ద్రవాల గుండా పోలేవు. అవి మాంటిల్ గుండా చక్కగా వెళ్తున్నాయి, దాదాపు 2,900 కిలోమీటర్ల లోతున ఆగిపోతున్నాయి. నిజమైన ద్రవం మొదలయ్యేది అక్కడ. అదీ లావా కాదు, ప్రధానంగా కరిగిన ఇనుము.

మరి అగ్నిపర్వతాల్లోంచి వచ్చే లావా ఎక్కడిది అంటారా? కొన్ని ప్రత్యేకమైన చోట్ల, కొన్ని ప్రత్యేకమైన కారణాలతో రాయి కాస్త కరుగుతుంది. ఆ చోట్లు ఏవో కిందికి వెళ్తే తెలుస్తుంది.

ప్లేట్లను కదిపేది ఏది? ఎంత వేగంగా కదులుతాయి?

మూలం భూమి లోపలి వేడి. అందులో కొంత భూమి పుట్టినప్పుడు మిగిలినది. కొంత యురేనియం, థోరియం, పొటాషియంల రేడియోధార్మికత వల్ల ఇప్పటికీ పుడుతూనే ఉంది. ఆ వేడికి మాంటిల్ నెమ్మదిగా కదలాడుతుంది. అయితే ప్లేట్లను లాగే అసలు బలం మరొకటి. సముద్రపు అడుగు పాతబడేకొద్దీ చల్లారి బరువెక్కుతుంది. ఏదో ఒక చోట పక్క ప్లేటు కిందికి దిగబడుతుంది. అలా దిగిన కొస వెనకున్న ప్లేటునంతా తనతో పాటు లాక్కుపోతుంది.

వేగం మన చేతి గోళ్ళు పెరిగే వేగమే. అట్లాంటిక్ సముద్రం ఏడాదికి రెండున్నర సెంటీమీటర్లు వెడల్పవుతోంది. భారత ప్లేటు ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. ఇది కాగితం మీది లెక్క కాదు. హైదరాబాద్ ఉప్పల్ దగ్గరి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అదే మనం ఎన్‌జీఆర్‌ఐ అనేది, ఆవరణలో ఉన్న జీపీఎస్ స్టేషన్ ఆ జరుగుడును ఏళ్ళ తరబడి కొలుస్తోంది.

ఎవరూ చూడని ఈ సంగతి ఎలా కనిపెట్టారు?

జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1912లో ఖండాలు కదిలాయని ప్రతిపాదించాడు. ఆయన వాతావరణ శాస్త్రవేత్త. ఆఫ్రికా, దక్షిణ అమెరికా తీరాలు అతికినట్టు సరిపోవడం, రెండు చోట్లా ఒకే రకం శిలాజాలు దొరకడం ఆయన వాదన. కదిపిన శక్తి ఏమిటో చెప్పలేకపోయాడు కాబట్టి భూగర్భ శాస్త్రవేత్తలు కొట్టిపారేశారు. 1930లో గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయాడు. తను చెప్పింది నిజమని తేలడం చూడలేదు.

తర్వాతి కథలో నాకు బాగా నచ్చే మనిషి మేరీ థార్ప్. 1950ల మొదట్లో అమెరికాలో, ఓడలు పంపిన సముద్రపు లోతుల అంకెలతో ఆమె అట్లాంటిక్ అడుగు మ్యాపు గీసింది. ఆడవాళ్ళను ఆ పరిశోధన ఓడలు ఎక్కనివ్వని రోజులవి. అంకెలు మాత్రమే ఆమె బల్ల మీదికి వచ్చేవి. సముద్రం మధ్యలో ఉన్న పర్వతశ్రేణి నడినెత్తిన పొడవునా ఒక లోయ ఉందని, అక్కడ భూమి విడిపోతోందని ఆమె గుర్తించింది. తోటి శాస్త్రవేత్త బ్రూస్ హీజెన్ మొదట ఆడపిల్లల కబుర్లని తీసిపారేశాడు. అదే మ్యాపు మీద భూకంపాల స్థానాలు గుర్తించి చూస్తే అవి సరిగ్గా ఆ లోయ వెంటే పడ్డాయి. ఇక మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు.

1960ల మొదట్లో అమెరికా శాస్త్రవేత్త హ్యారీ హెస్ సముద్రపు అడుగు అక్కడ కొత్తగా పుట్టి రెండు వైపులా జరుగుతోందన్నాడు. 1963లో బ్రిటన్ శాస్త్రవేత్తలు వైన్, మాథ్యూస్ దానికి అయస్కాంత సాక్ష్యం చూపించారు. చల్లారే లావా అప్పటి భూ అయస్కాంత దిశను తనలో నిలుపుకుంటుంది. ఆ దిశ కాలక్రమంలో తారుమారవుతూ వచ్చింది కాబట్టి శ్రేణికి రెండు పక్కలా ఒకే వరసలో చారలు ఏర్పడ్డాయి.

మనకు దగ్గరి సాక్ష్యం తూర్పు కనుమల్లోనే ఉంది. విశాఖ చుట్టుపక్కల కొండల రాళ్ళకూ, అంటార్కిటికా తూర్పు తీరపు రాళ్ళకూ వయసు, స్వభావం కలుస్తాయి. దాదాపు 13 కోట్ల ఏళ్ళ క్రితం దాకా ఆ రెండూ ఒకే నేల.

భూకంపాలు ఎక్కువగా ఎక్కడ వస్తాయి?

ప్లేట్ల అంచుల్లో. ఆ అంచులు మూడు రకాలు.

ప్లేట్లు విడిపోయే చోట భూకంపాలు తరచుగా వస్తాయి గానీ పెద్దవి తక్కువ. ఇవి ఎక్కువగా సముద్రం అడుగునే ఉంటాయి. సుమారు 65,000 కిలోమీటర్ల పొడవున ప్రపంచాన్ని చుట్టి ఉన్న ఆ శ్రేణి నేల మీద కొట్టొచ్చినట్టు కనిపించేది ఐస్‌లాండ్‌లో. ఆఫ్రికా తూర్పున ఇథియోపియా, కెన్యా, టాంజానియాల మీదుగా ఖండమే చీలుతోంది.

ప్లేట్లు పక్కపక్కన రాసుకుంటూ పోయే చోట భూకంపాలు తక్కువ లోతులో వస్తాయి కాబట్టి నష్టం ఎక్కువ. కాలిఫోర్నియాలోని శాన్ ఆండ్రియాస్, టర్కీలోని అనటోలియా పగుళ్ళు, మయన్మార్‌లోని సగైంగ్ ఈ రకం. 2023 ఫిబ్రవరి 6న టర్కీలో, 2025 మార్చి 28న మయన్మార్‌లో జరిగిన విధ్వంసం మీరు టీవీలో చూసే ఉంటారు.

ప్లేట్లు ఢీకొనే చోట వచ్చేవే అన్నిటికన్నా పెద్దవి. ముఖ్యంగా ఒకటి మరోదాని కిందికి దిగే చోట. 1960లో చిలీలో వచ్చిన 9.5 తీవ్రత భూకంపం, 1964లో అలాస్కాలో 9.2, 2004లో సుమత్రాలో 9.1, 2011లో జపాన్‌లో 9.1, 2025 జులైలో రష్యాలోని కమ్చట్కాలో 8.8, అన్నీ అలాంటి చోట్ల వచ్చినవే. దిగే ప్లేటు, పై ప్లేటు ఒకదానికొకటి బిగుసుకుపోతాయి. వందల ఏళ్ళు కదలిక ఆగినట్టే ఉంటుంది. పై ప్లేటు అంచు వంగుతూ పోతుంది. పట్టు తప్పిన రోజు, ఆ వంపంతా కొద్ది నిమిషాల్లో తీరిపోతుంది.

రింగ్ ఆఫ్ ఫైర్ అంటే?

పసిఫిక్ సముద్రం చుట్టూ న్యూజిలాండ్, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, జపాన్, కమ్చట్కా, అలాస్కా మీదుగా చిలీ దాకా ఉన్న సుమారు 40,000 కిలోమీటర్ల పట్టీ. ప్రపంచంలో వచ్చే భూకంపాల్లో పదింట తొమ్మిది ఇక్కడే వస్తాయి. అగ్నిపర్వతాల్లో నాలుగింట మూడు వంతులు ఇక్కడే ఉన్నాయి. పేరు చూసి అదొక గొలుసు, ఒకచోట అంటుకుంటే అంతా అంటుకుంటుంది అనుకోవద్దు. అది చాలా ప్లేట్ల అంచులకు కలిపి పెట్టిన పేరు మాత్రమే. జపాన్‌లో భూకంపం వచ్చిన వారానికి చిలీలో వస్తే, రెండూ ఎవరి లెక్కన అవి వచ్చినవే.

అగ్నిపర్వతాలు కూడా అక్కడే ఎందుకు?

నీళ్ళ వల్ల. చాలామందికి వింతగా అనిపించే జవాబు ఇదే. కోట్ల ఏళ్ళు సముద్రంలో నానిన ప్లేటు కిందికి దిగేటప్పుడు తన ఖనిజాల్లో బంధించిన నీటిని కూడా తీసుకుపోతుంది. సుమారు 100 కిలోమీటర్ల లోతుకు చేరేసరికి ఆ నీళ్ళు పైనున్న వేడి రాతిలోకి విడుదలవుతాయి. నీరు తగిలిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. అలా పుట్టిన మాగ్మా పైకి వస్తుంది. అందుకే ఈ అగ్నిపర్వతాలు ప్లేటు దిగే చోటి సముద్రపు అగాధానికి సమాంతరంగా, కాస్త లోపలికి, వరసగా తీర్చినట్టు ఉంటాయి. జావా మ్యాపు చూడండి, ద్వీపం వెన్నెముకంతా అగ్నిపర్వతాలే. ఆ నీటి ఆవిరి, చిక్కటి మాగ్మా వల్లే ఇవి పేలతాయి కూడా.

ప్లేట్లు విడిపోయే చోట సంగతి వేరు. అక్కడ పైనుంచి ఒత్తిడి తగ్గడం వల్ల రాయి కరుగుతుంది. లావా పలచగా పారుతుంది. ఐస్‌లాండ్‌లోని గ్రిండవిక్ ఊరిని 2023 నవంబరులో ఖాళీ చేయించింది ఇలాంటి చీలికే.

మరి హిమాలయాల్లో అగ్నిపర్వతాలు ఎందుకు లేవు? అక్కడా ప్లేట్లు ఢీకొంటున్నాయిగా?

మంచి ప్రశ్న. ఒకప్పుడు ఉండేవి. భారత ప్లేటుకూ ఆసియాకూ మధ్య టెథిస్ అనే సముద్రం ఉండేది. దాని అడుగు ఆసియా కిందికి దిగినంత కాలం టిబెట్ దక్షిణపు అంచున అగ్నిపర్వతాలు రగిలాయి. సుమారు 5 కోట్ల ఏళ్ళ క్రితం సముద్రం అయిపోయింది, నేలకు నేల తగిలింది. ఖండపు రాయి తేలిక కాబట్టి సముద్రపు అడుగులా లోతుకు దిగదు, ముడతలు పడి పైకి లేస్తుంది. నీళ్ళు మోసుకుపోయే ప్లేటు లేదు కాబట్టి అగ్నిపర్వతాలూ లేవు. ఒత్తిడి మాత్రం అలాగే ఉంది. 1905 కాంగ్రా, 1934 బిహార్-నేపాల్, 1950 అస్సాం, 2015 నేపాల్ భూకంపాలు దాని ఫలితమే.

ఆ సముద్రం ఆనవాలు మన ఇళ్ళలో పూజామందిరాల్లోనే ఉంది. నేపాల్ గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లో చుట్టలు చుట్టిన చక్రం గుర్తు అమ్మోనైట్ అనే సముద్రపు జీవి శిలాజం. కోట్ల ఏళ్ళ క్రితం టెథిస్ అడుగున బురదలో పడిన గుల్ల అది. ఇప్పుడు ముక్తినాథ్ దగ్గర, సముద్రమట్టానికి మూడు నాలుగు వేల మీటర్ల ఎత్తున ఉన్న రాళ్ళలోంచి నదిలోకి కొట్టుకొస్తోంది. ఎవరెస్టు శిఖరం మీది రాయి కూడా సముద్రంలో పుట్టిన సున్నపురాయే.

హవాయి ప్లేటు మధ్యలో ఉంది కదా, అక్కడ అగ్నిపర్వతాలేమిటి?

కొన్ని చోట్ల మాంటిల్ లోతుల్లోంచి బాగా వేడిగా ఉన్న రాయి పైకి వస్తుంటుంది. వీటిని హాట్‌స్పాట్లు అంటారు. వీటికి ప్లేటు అంచుతో పని లేదు. హాట్‌స్పాట్ దాదాపు ఉన్నచోటే ఉంటుంది, దాని మీదుగా ప్లేటు జరిగిపోతుంటుంది. అందుకే హవాయి దీవుల్లో ఆగ్నేయపు కొసనున్న పెద్ద దీవి మీద కిలౌయా ఇప్పటికీ రగులుతోంది, వాయవ్యానికి వెళ్ళేకొద్దీ దీవులు పాతబడి అరిగిపోయి ఉంటాయి.

హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి కింద కూడా ఒకటుంది. 6.6 కోట్ల ఏళ్ళ క్రితం భారతదేశం దాని మీదుగా పోతున్నప్పుడు పొంగిన లావాయే దక్కన్ ట్రాప్స్ అనే రాతి పొరలు. ఇప్పుడు మిగిలి ఉన్నదే దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు.

అయితే తెలుగు నేల మీద అగ్నిపర్వతాల గుర్తులు ఉన్నాయన్నమాట?

ఉన్నాయి, చాలా ఉన్నాయి. జహీరాబాద్, వికారాబాద్, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి ఆ లావా చివికి ఏర్పడినదే. అలాగని నల్లరేగడి అంతా లావాయే అనకండి. కర్నూలు, ప్రకాశం జిల్లాల్లోని రేగడి వేరే రాళ్ళ నుంచి వచ్చింది.

ఆశ్చర్యపడాల్సింది గోదావరి ఒడ్డున ఉంది. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, అవతల కొవ్వూరు వైపు దుద్దుకూరు, పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కంకర కొట్టే నల్లరాయి లావాయే. పడమటి కనుమల వైపు పొంగిన లావా ఆనాటి నదీలోయల వెంట దాదాపు 1,000 కిలోమీటర్లు పారి ఇక్కడి తీరానికి చేరిందని శాస్త్రవేత్తల్లో చాలామంది అభిప్రాయం. రెండు చోట్లా రాతి రసాయన స్వభావం కలవడం వాళ్ళ ఆధారం. అదే నిజమైతే భూమ్మీద అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటి. లావా పొరల మధ్య సున్నపురాతిలో సముద్రపు గుల్లల శిలాజాలు దొరుకుతాయి. అంటే ఒక పొంగుకూ ఇంకో పొంగుకూ మధ్య ఇక్కడ సముద్రపు నీళ్ళు వచ్చి నిలిచేంత వ్యవధి ఉందన్నమాట. ఆ రోడ్డు మీద టిప్పర్ల దుమ్ము తింటూ పోయేవాళ్ళకు ఈ సంగతి ఎవరైనా ఒక బోర్డు మీద రాసి పెడితే బాగుండు.

రెండోది నంద్యాల జిల్లా జ్వాలాపురం. సుమారు 74,000 ఏళ్ళ క్రితం సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరిన బూడిద బంగాళాఖాతం దాటి వచ్చి ఇక్కడి జుర్రేరు లోయలో మేటలు వేసింది. కొన్నిచోట్ల మనిషి ఎత్తును మించిన మందం. జనం ఆ తెల్లటి బూడిదను సబ్బుపొడుల కోసం తవ్వి తీసుకెళ్ళేవారు. పురావస్తు శాస్త్రవేత్తలు బూడిద పొర కిందా, పైనా కూడా రాతి పనిముట్లు చూశారు. అంత ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికారని వాళ్ళ వాదన.

ఇప్పుడు రగిలే అగ్నిపర్వతం మన దేశంలో ఉందా?

ఒకటే. అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 140 కిలోమీటర్ల దూరంలో బారెన్ దీవి. 1787లో అది రగిలినట్టు మొదటి నమోదు ఉంది. పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగం తర్వాత చాలాకాలం నిద్రపోయి 1991లో లేచింది. అప్పటినుంచి అప్పుడప్పుడు రగులుతూనే ఉంది. జనం లేరు కాబట్టి ప్రమాదం లేదు.

మనం ప్లేటు మధ్యలో ఉన్నాం. మరి ములుగులో 5.3 ఎలా వచ్చింది?

ప్లేటు మధ్యలో ఉండటం వల్ల ప్రమాదం తక్కువే గానీ, అసలు లేకపోలేదు. ఉత్తరాన ఆసియాను నెట్టుకుంటూ పోతున్న ప్లేటు మొత్తం ఒత్తిడిలో ఉంది. ఆ ఒత్తిడికి లొంగేది పాత పగుళ్ళున్న చోటు. గోదావరి లోయ అలాంటిదే. దక్షిణాది ఖండాలు గోండ్వానా అనే ఒకే నేలగా ఉన్న కాలంలో ఇక్కడ భూమి చీలి, మధ్యభాగం కుంగింది. కుంగిన పల్లంలో అడవులు, బురద పూడిపోయి కోట్ల ఏళ్ళకు బొగ్గయ్యాయి. సింగరేణి బొగ్గు అదే. అంటే కొత్తగూడెం, రామగుండం గనులకూ ములుగు, భద్రాచలం భూకంపాలకూ మూలం ఒకే చీలిక. భద్రాచలం దగ్గర 1969 ఏప్రిల్ 13న 5.7 తీవ్రతతో వచ్చినప్పుడు హైదరాబాద్ దాకా కదిలింది. ఒంగోలు దగ్గర 1967 మార్చిలో 5.4 వచ్చింది.

2024లో వచ్చినది దాదాపు 40 కిలోమీటర్ల లోతున వచ్చింది. అందుకే దూరం దాకా తెలిసింది గానీ, పైన నష్టం పెద్దగా జరగలేదు. దానికి మూడు నెలల ముందు తాడ్వాయి అడవిలో వేల చెట్లు కూలిన సంగతితో ముడిపెట్టి చాలా కథలు నడిచాయి. ఆ చెట్లను పడగొట్టింది పెనుగాలి. గాలికీ 40 కిలోమీటర్ల లోతుకూ సంబంధం లేదు.

చాలాకాలంగా వాడుకలో ఉన్న భూకంప మండలాల మ్యాపులో హైదరాబాద్, విశాఖ తక్కువ ప్రమాదపు రెండో మండలంలో ఉన్నాయి. విజయవాడ, గుంటూరు, ఒంగోలు, భద్రాచలం మూడో మండలంలో ఉన్నాయి. మండలం చిన్నదని నిర్లక్ష్యం పనికిరాదని 1993 సెప్టెంబరు 30 చెప్పింది. లాతూర్ జిల్లా కిల్లారి ప్రాంతాన్ని అప్పట్లో సురక్షితమనే అనుకునేవారు. వినాయక నిమజ్జనం ముగించుకుని జనం నిద్రపోయాక, తెల్లవారుజామున 3.56కు 6.2 తీవ్రతతో వచ్చింది. మట్టితో పేర్చిన లావుపాటి రాతిగోడలు, బరువైన మట్టి మిద్దెలు నిద్రలోనే మీద పడ్డాయి. పదివేల మంది వరకు చనిపోయారు.

డ్యాముల వల్ల భూకంపాలు వస్తాయా?

రావచ్చు. మహారాష్ట్రలో కొయనా జలాశయం నింపడం మొదలుపెట్టిన కొన్నేళ్ళకు, 1967 డిసెంబరు 11న 6.3 తీవ్రతతో వచ్చి దాదాపు 180 మందిని బలి తీసుకుంది. జలాశయం వల్ల వచ్చిన భూకంపాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదిగా దీన్నే చెబుతారు. నీటి బరువు కన్నా ముఖ్యం, నీళ్ళు పగుళ్ళలోకి ఇంకి వాటి బిగువు సడలించడం. అయితే ఒత్తిడి అప్పటికే ఉండాలి. ఉన్న ఒత్తిడిని నీళ్ళు ముందుగా విడుదల చేస్తాయి, అంతే. సూర్యాపేట జిల్లా చింతలపాలెం వైపు పులిచింతల ప్రాజెక్టు పరిసరాల్లో 2020 మొదట్లో ప్రకంపనలు వరసగా వచ్చినప్పుడు ఎన్‌జీఆర్‌ఐ అక్కడ పరికరాలు పెట్టి గమనించింది.

హైదరాబాద్‌లో ఒక్కోసారి భూమిలోంచి పెద్ద శబ్దాలొస్తాయి. అది భూకంపమేనా?

2020 అక్టోబరులో బోరబండ వాళ్ళు ఇదే భయంతో రాత్రిళ్ళు రోడ్ల మీద గడిపారు. అవి చాలా చిన్న ప్రకంపనలు. భారీ వర్షాల తర్వాత నీళ్ళు గ్రానైట్ పగుళ్ళలోకి దిగితే ఇలా జరుగుతుంది. చాలా పైపైనే వస్తాయి కాబట్టి శబ్దం గట్టిగా ఉంటుంది. కొన్ని వారాలకు వాటంతట అవే సద్దుమణుగుతాయి.

2004 సునామీ మళ్ళీ వస్తే మనకు ముందే తెలుస్తుందా?

తెలుస్తుంది. 2004 డిసెంబరు 26, ఆదివారం, పౌర్ణమి. సుమత్రా దగ్గర ఉదయం 6.29కి సముద్రపు అడుగు 1,300 కిలోమీటర్ల పొడవున చీలింది. అలలు మన తీరానికి చేరేసరికి రెండున్నర గంటలకు పైగా పట్టింది. అంత సమయం ఉన్నా చెప్పే వ్యవస్థ లేదు. ఆంధ్ర తీరంలోనే వందమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత 2007లో హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. అండమాన్-సుమత్రా వైపు పెద్ద భూకంపం వస్తే అది నిమిషాల్లో సమాచారం పంపుతుంది. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయి అడుగు బయటపడితే మాత్రం సైరన్ కోసం చూడకుండా ఎత్తైన చోటికి పరుగెత్తాలి.

తీవ్రత 6కూ 7కూ తేడా ఒకటేగా?

అంకెలో ఒకటే. విడుదలయ్యే శక్తిలో దాదాపు 32 రెట్లు. 6కూ 8కూ తేడా వెయ్యి రెట్లు. ఇంకో సంగతి, టీవీల్లో ఇప్పటికీ రిక్టర్ స్కేలు అంటారు గానీ, 1935 నాటి ఆ కొలత పెద్ద భూకంపాలకు పనికిరాదు. ఇప్పుడు వాడేది మొమెంట్ మాగ్నిట్యూడ్.

భూకంపం ఎప్పుడొస్తుందో ముందే చెప్పగలరా?

తేదీ, చోటు, తీవ్రత మూడూ కలిపి ఎవరూ చెప్పలేరు. చైనాలో 1975లో హైచెంగ్ భూకంపానికి ముందు చిన్న ప్రకంపనలు వరసగా రావడంతో జనాన్ని ఖాళీ చేయించారు, చాలా ప్రాణాలు దక్కాయి. మరుసటి ఏడాది తాంగ్‌షాన్‌లో అలాంటి సూచనేమీ లేకుండా వచ్చి అధికారిక లెక్క ప్రకారమే 2,42,000 మంది చనిపోయారు. గ్రహాల కూటమి, గ్రహణం, పౌర్ణమి అంటూ వీడియోలు చేసేవాళ్ళు పదిసార్లు చెప్పి, ఒక్కసారి దగ్గరగా తగిలితే దాన్నే చూపిస్తుంటారు. ఏటా ప్రపంచంలో 7 దాటినవి పదిహేను దాకా వస్తాయి, కాబట్టి ఎప్పుడో ఒకటి తగలక మానదు. జపాన్‌లో ఫోన్లు మోగేది భూకంపం మొదలయ్యాకే. నష్టం చేసే తరంగాలు చేరే లోపు కొన్ని సెకన్లు దొరుకుతాయి.

మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. భయపడాలా?

ఫ్రీమాంట్ వైపు తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ ప్రశ్న తరచుగా వస్తుంది. ఆ ఊరి మీదుగానే హేవర్డ్ పగులు పోతోంది. 1868లో అది పెద్ద భూకంపం తెచ్చింది. ఏడాదికి అర సెంటీమీటరు చొప్పున ఇప్పటికీ మెల్లగా జారుతోంది. హేవర్డ్ పట్టణంలో ఒక వీధి మలుపు దగ్గర ఫుట్‌పాత్ అంచురాయి రెండుగా విడివడి పక్కకు జరగడాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ఫొటోలు తీసి కొలుస్తుండేవారు. 2016లో మున్సిపాలిటీ వాళ్ళు విషయం తెలియక దాన్ని కాస్తా చక్కగా బాగుచేసేశారు!

సియాటెల్ సంగతి ఇంకా ఆలోచించదగ్గది. అక్కడ ప్లేటు కిందికి దిగుతోంది. మౌంట్ సెయింట్ హెలెన్స్ 1980లో పేలిందీ అందుకే. 1700 జనవరి 26న అక్కడ 9 స్థాయి భూకంపం వచ్చింది. తేదీ అంత కచ్చితంగా తెలిసింది జపాన్ పాత రికార్డుల వల్ల. ఏ కంపనం లేకుండా వచ్చిన సునామీని వాళ్ళు రాసిపెట్టారు.

అక్కడి కట్టడ నియమాలు గట్టివే. మీవాడిని అడగాల్సినవి రెండు. మామూలు ఇంటి బీమాలో భూకంపం రాదు, విడిగా తీసుకున్నాడా? పుస్తకాల బీరువా, టీవీ, గీజరు గోడకు బిగించాడా?

ఫ్లాటు కొంటున్నాం. ఏం చూడాలి?

ముందు కింది అంతస్తు చూడండి. పార్కింగ్ కోసం పిల్లర్లు మాత్రమే ఉంచి, పైన అయిదు అంతస్తులు గోడలతో నింపేస్తే, ఊగేటప్పుడు బరువంతా ఆ పిల్లర్ల మీద పడుతుంది. 2001లో భుజ్ భూకంపానికి, 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావరకు ఇలాంటివే. పార్కింగ్ వద్దని కాదు. ఆ అంతస్తుకు కాంక్రీటు గోడలు గానీ, మరింత బలమైన పిల్లర్లు గానీ డిజైన్‌లో ఉండాలి.

ఇంకా కడుతూ ఉంటే పిల్లర్ రాడ్ల చుట్టూ కట్టిన రింగులు చూడండి. రింగు కొనను 90 డిగ్రీల దగ్గర ఆపేస్తే, పైన కాంక్రీటు రాలగానే అది విచ్చుకుంటుంది, నిలువు రాడ్లు బయటికి ఉబ్బుతాయి. కొనను 135 డిగ్రీల దాకా పిల్లర్ లోపలికి వంచాలి. బీము, పిల్లరు కలిసే చోట రింగులు దగ్గర దగ్గరగా ఉండాలి. మూడో మండలం నుంచి ఇది తప్పనిసరి. మేస్త్రికి ఒక్కో రింగు దగ్గర కొంచెం ఎక్కువ పని, కొంచెం ఎక్కువ ఇనుము, అంతే ఖర్చు.

విజయవాడలాంటి చోట నేల కూడా అడగండి. నది మేట వేసిన మెత్తటి మట్టి కంపనాన్ని పెంచుతుంది. 2025లో మయన్మార్ భూకంపానికి 1,000 కిలోమీటర్ల అవతల బ్యాంకాక్‌లో కడుతున్న భవనం కుప్పకూలింది. ఆ నగరం నిలిచింది కూడా అలాంటి మెత్తటి నేల మీదే. సాయిల్ టెస్ట్ రిపోర్టు చూపించమంటే బిల్డర్ నసిగితే అనుమానించాల్సిందే.

కంపించేటప్పుడు బయటికి పరుగెత్తాలా?

అపార్ట్‌మెంట్‌లో ఉంటే వద్దు. మెట్ల మీద, లిఫ్టులో చిక్కుకునేవాళ్ళే ఎక్కువ. గట్టి బల్ల కిందికి దూరి, దాని కాలు పట్టుకుని, తల కాపాడుకోండి. ఆగాక గ్యాస్ కట్టేసి మెట్ల మీదుగా దిగండి. మట్టి మిద్దె, పెంకుటిల్లు అయి, తలుపు రెండడుగుల దూరంలో ఉంటే మాత్రం బయటపడటమే మేలు. బయట కరెంటు తీగలకు, ప్రహరీలకు దూరంగా నిలబడండి.

ఒక యాప్‌లో 4.6 అని, ఇంకోదాంట్లో 4.2 అని వస్తోంది. ఏది నమ్మాలి?

రెండూ నిజాయితీ లెక్కలే కావచ్చు. వేర్వేరు స్టేషన్లు, వేర్వేరు కొలతలు వాడితే ఆ మాత్రం తేడా వస్తుంది. మొదటి నిమిషాల్లో ఇచ్చిన అంకెను తర్వాత సవరిస్తారు కూడా. మన దేశానికి జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం అంకెను చూడండి, వాళ్ళ భూకంప్ యాప్ ఉచితం. కంపనం మీకు తెలిస్తే అందులోనే ఎక్కడున్నారో, ఎంతసేపు ఊగిందో రాసి పంపవచ్చు. పరికరాలు తక్కువగా ఉన్న మండలాల నుంచి వచ్చే అలాంటి నివేదికలు వాళ్ళకు బాగా పనికొస్తాయి.